రెండు మీటల మధ్య

రెల్లులంక లాకుల గది. రాస్తున్నది లాకులు తీసి మూసే పెద్ద లస్కరు తబిత. ఈ గది అలవాటు ప్రకారం నీళ్ళ సంగతి ముందు, మనుషుల సంగతి తర్వాత.

ఆషాఢ బహుళ పాడ్యమి

పోటు గట్టుకు మూరెడు కింద ఆగింది. సముద్రపు లాకు మూసి ఉంది. పాటు తీసి నీళ్ళు దిగాక పాత బడి మేడ కొస నీళ్ళలోంచి కనపడింది. దాని మీద కొంగలు.

పొద్దున లాకులు నడిపే పెట్టె మళ్ళీ మూలిగింది. చెల్లెలు సలోమి దాని వీపు మీద చెయ్యి వేసి చూసి, "జ్వరం తగ్గలేదక్కా" అంది.

పెట్టెలో ఉన్నది సముద్రం లోపలికి రాకముందు రాసిన ప్రోగ్రాం. అప్పట్లో అది పంటకాలువ కోసం. ఇప్పుడు లంక మొత్తం దాని మీదే ఉంది. ఒకటో లాకు సముద్రానిది, పోటులో అది తెరుచుకుంటే ఉప్పునీళ్ళు లోపలికొస్తాయి. తొమ్మిదో లాకు బాడవది, ఊరి వాననీళ్ళు వదిలే పల్లపు బీడుది; వానలో అది తెరుచుకోకపోతే మా నీళ్ళలో మేమే మునుగుతాం. మధ్యలో ఉన్నవి మళ్ళకు తడి పెట్టేవి.

పెట్టె లోపల ప్రోగ్రాంను నడిపే పలక ఒకటే మిగిలింది. అలాంటిది ఇంక ఎక్కడా దొరకదని మెట్ట మీద సంతలో అందరూ చెప్పేశారు.

పని పద్ధతి ఇది. మొదటి మీటతో లాకును ఎంచుకోవాలి. రెండో మీటతో తెరవాలి. మొదటిది నొక్కాక పెట్టె తీగ మీద కబురు పంపి కుదురుకోవటానికి కొంత సేపు పడుతుంది. తొందరపడితే రెండోది అందదు. ఈ గదిలో మొదటి లస్కరు మా అమ్మ సంతోషమ్మ. ఆ సేపు వృథా పోనివ్వటం ఇష్టం లేక అందులో ఒక ప్రార్థన పెట్టింది. "తండ్రీ, నీళ్ళు నీవి, గట్టు నీది, మేము నీవాళ్ళం. నా చేతిని చూసుకో." తర్వాత రెండో మీట. మేమూ అలాగే నేర్చుకున్నాం. లంకలో ఏ లస్కరైనా అంతే.

కుర్చీ సలోమిది. నా తర్వాతది. చూపు చాలావరకు పోయింది. మీటలు వేళ్ళకు తెలుసు, నీళ్ళు చెవికి తెలుసు. కుర్చీలో ఉండగా ఆమెకు చూపు లేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు.

తదియ

పోటు తగ్గుతోంది. లాకులు మామూలే.

మా ఆఖరి చెల్లెలు యునీకే మెట్ట మీద చదువు ముగించుకుని వచ్చి రెండు వానాకాలాలైంది. ఇవాళ అన్నం తింటూ తన పథకం చెప్పింది. ప్రోగ్రాంను పెట్టెలోంచి బయటికి తీసి, ఊళ్ళన్నిటినీ కలిపే వలలోకి దింపుతుందట. అప్పుడు చేతిలో పట్టుకునే ఏ పలకలోనైనా తెరుచుకుంటుంది. ఒక పలక పోతే ఇంకో పలక.

"దేంతో తీస్తావే?" అన్నాను.

"దాని అసలు పేరు చెప్తే నీకు నోరు తిరగదు పెద్దక్కా. పంటు అనుకో. పాత ప్రోగ్రాంలను ఎక్కించుకుని ఆ ఒడ్డున దింపుతుంది."

"రేవు రుసుం ఎంతో?" అంది సలోమి.

"ఊరికేనే చిన్నక్కా."

"ఊరికే దింపే పంటు నేను పుట్టి ఎరగను."

"ఇది ఎవరి సొత్తూ కాదు. ఎక్కినవాళ్ళందరిదీ. దాన్ని ఎలా కట్టారో విప్పి చూసుకోవచ్చు. ఎక్కడైనా చిల్లు కనపడితే పూడ్చి, ఆ చెక్క అందులోనే వదిలేసి దిగాలి. వెనక వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. అదే రుసుం."

సలోమి చేప ముల్లు తీసుకుంటూ ఆలోచించింది. "పద్ధతి గలవాళ్ళే అయితే" అంది.

నేను సరేనన్నాను. పడుకోబోయే ముందు పెట్టె కోసం కూడా ప్రార్థన చేశాను. ముసలిదానికి శ్రమ లేకుండా పోవాలని.

పంచమి

నీటిమట్టం చూపించే తెర పంటెక్కి ఒడ్డు దాటింది. ఒక్కసారిగా అంతా మార్చటం కాదట. ఒక్కో తెరా దింపుతూ, పాతదీ కొత్తదీ పక్కపక్కన నడుపుతూ, రెండూ ఒకే మాట చెప్తున్నాయని నమ్మకం కుదిరాకే పాతదాన్ని వదలటం. నాకు ఈ నిదానం నచ్చింది.

తొమ్మిదో లాకు దగ్గర ఉండే బర్నబా రేడియోలో అరిచాడు. "పెద్దక్కగారూ! నా లాకు మట్టం నా చేతిలోనే కనపడుతుందండీ!"

"నువ్వు దాని పక్కనే ఉన్నావు కదయ్యా."

"ఆయ్, ఉన్నానండి. అయినా తలకాయ వంచి చూడక్కర్లేదండి."

ఇన్నాళ్ళూ అతను వానలో మెట్లు దిగి, కర్ర ముంచి, పైకొచ్చి కేకేసేవాడు. నవ్వాను గానీ అది చిన్న సంగతి కాదు. పోయినేడు ఆ మెట్ల మీదే జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

అష్టమి

నీళ్ళు బలం లేకుండా ఉన్నాయి. ప్రయత్నించి చూడటానికి అందుకే ఈ రోజు పెట్టుకున్నాం. ఆ జాగ్రత్త మంచిదైంది.

యునీకే ఇవాళ మీటల తెర కూడా కొత్తదానిలోకి దింపింది. సలోమి కూర్చుంది. యునీకే పక్కన నిలబడింది. సలోమి తొమ్మిది నొక్కింది. ప్రార్థన చెప్పుకుంది. రెండో మీట నొక్కింది.

బర్నబా అన్నాడు, "నాది కదల్లేదండి."

సలోమి తల పక్కకు వంచింది. మా ఎవరికన్నా ముందు ఆమె విన్నది. "అక్కా, ఒకటి. ఒకటి తెరుచుకుంది."

సముద్రపు లాకు దగ్గర నలుగురు చక్రం పట్టుకుని చేత్తో మూసేలోపు ఉప్పునీళ్ళు కింది నారుమడి ఎక్కేశాయి. సగం నారు పోయింది. పై సగానికి తేట నీళ్ళు పెట్టించాను. మనుషులకు ఏమీ కాలేదు. స్తోత్రం.

సలోమి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మీటలు మళ్ళీ పాత పెట్టెకు తగిలించాం.

నవమి

యునీకే కారణం పట్టుకుంది. మొదటి మీట నొక్కాక కాసేపు కదలిక లేకపోతే మనిషి లేచి వెళ్ళిపోయాడని పంటు అనుకుంటుంది. ఎంచుకున్నదాన్ని వదిలేసి వరసలో మొదటిదాని మీదికి వెళ్తుంది. మా వరసలో మొదటిది సముద్రం.

"ఎంతసేపు ఆగుతుంది?" అని అడిగాను.

"నువ్వు నాలుగు మెతుకులు నమిలేంత. చిన్నక్క ప్రార్థన అంతకన్నా పెద్దది." సలోమి వైపు తిరిగింది. "కొత్తదానికి ఆ ఆలస్యమే లేదే. నొక్కగానే అందుతుంది. ప్రార్థన ముందే చేసేసుకుని, టకటకా రెండూ నొక్కెయ్యి. దేవుడు ఏమైనా అనుకుంటాడా?"

"దేవుడు అనుకోడు" అంది సలోమి. "నా చెయ్యి అనుకుంటుంది."

"నీ చెయ్యి వల్ల నారుమడి పోయింది!"

"యునీకే" అన్నాను. అంతే అన్నాను. అది బయటికి వెళ్ళిపోయింది. చాలాసేపటికి చింతపండు తెచ్చే నెపం మీద లోపలికొచ్చి, చింతపండు లేకుండా నిలబడింది.

ఆరాధన అయ్యాక జెకర్యా బాబాయి నన్ను ఆపాడు. సంఘం పెద్ద. మంచివాడు. అతని నారు కూడా పోయింది. "సలోమిని తప్పు పట్టటం లేదమ్మా. పెద్దదైంది, చూపు లేదు. కుర్చీ చిన్నదానికి ఇచ్చెయ్యరాదా? అమావాస్య పోటు వస్తోంది, ఈసారి వాన కూడా దాంతోపాటే అంటున్నారు. కుర్చీలో ఎవరుంటారో ఆ లోపు చెప్పు."

చెప్తానన్నాను.

యునీకేకు మీటలు వచ్చు. నీళ్ళు రావు. ఒక లాకు తెరిస్తే ఇంకో లాకు దగ్గర ఏమవుతుందో సలోమి వింటుంది. అది ఏ తెర మీదా ఉండదు. అయినా సలోమిని ఉంచుతానంటే, తోడబుట్టిందని ఉంచానంటారు. అలాగే ఉంచుతున్నానేమో అని నన్ను నేనూ అడుగుతున్నాను.

దశమి

యునీకే పంటు చూసుకునేవాళ్ళకు రాసింది. జవాబు వచ్చింది. ఆ నియమం భద్రత కోసమని, ఎంచుకున్న మీటను వదిలి వెళ్తే ఇంకెవరి చెయ్యో తగలవచ్చని, మా మనుషులకు కొత్త పద్ధతి నేర్పించుకోమని. మర్యాదగానే రాశారు.

"మన ప్రతిని మనం మార్చుకోవచ్చు కదా" అన్నాను.

"అరగంట పని. కానీ అప్పుడు మనది వేరే పడవ అయిపోతుంది పెద్దక్కా. ఆ మీదట పంటుకు జరిగే బాగులు మనకు అందవు. నేను జబ్బుపడితే దాన్ని చూసేవాళ్ళుండరు. కొన్నేళ్ళకి మళ్ళీ ఈ పెట్టే." పెట్టెను కాలితో చూపించబోయి, సలోమి ఉందని చేత్తో చూపించింది.

సాయంత్రం సలోమి వాకిట్లో పనిచెయ్యని పాత మీటల పలక ఒళ్ళో పెట్టుకుని సాధన చేస్తోంది. ప్రార్థన ముందు, మీటలు తర్వాత. కుదరటం లేదు. మొదటి మీట నొక్కగానే పెదాలు కదులుతున్నాయి. పెదాలు బిగిస్తే చెయ్యి లేవటం లేదు.

"నేను కుర్చీలోంచి లేస్తానక్కా" అంది. "నీకు మాట రాకముందే."

"నేను లెమ్మనలేదు."

"అనవు. అందుకే అంటున్నా."

పక్కన కూర్చుని ఆమె చేతులే చూశాను. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న చేతులు. ఇవాళ ఒకటి గమనించాను. ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఎడమచేతి వేలు మొదటి మీట మీదే ఉంటుంది. ఎత్తదు. ఆమేన్ అయ్యాకే ఎత్తుతుంది. నా చేతులు చూసుకున్నాను. నేనూ అంతే.

యునీకేను పిలిచి చూపించాను. అది వంగి చాలాసేపు చూసింది. "లేచి వెళ్ళిపోలేదు" అంది చిన్నగా. "చెయ్యి అక్కడే ఉంది. పంటు దాన్ని చూడట్లేదు."

ఏకాదశి

ఉపవాసం కాదు గానీ ఆకలి వెయ్యలేదు. ఈసారి ఉత్తరం నేను రాశాను. యునీకే వాళ్ళ భాషలోకి తిప్పి అందరూ చూసే చోట పెట్టింది. ఇది దాని ప్రతి.

"మాది రెల్లులంక, లాకుల ఊరు. మా చెల్లెలు ఒక మీట నొక్కి, దేవుణ్ణి తలుచుకుని, రెండోది నొక్కుతుంది. ఆ లోపు మీ పంటు లాకు మార్చేసింది. ఆమెకు చూపు తక్కువ, మారిన సంగతి తెలియలేదు. సముద్రం మా నారు మీదికి వచ్చింది. ఊరికే ఎక్కువసేపు ఆగమని అడగటం లేదు. వేలు మీట మీద ఉన్నంతసేపు మనిషి ఉన్నట్టే అనుకోండి. వేలు తీసి రెండోది నొక్కకపోతే ఏదీ ఎంచుకోకండి, మొదటిదాన్ని మాత్రం ఎంచుకోకండి. ఏది ఎంచుకున్నారో పైకి చెప్పండి. ఇంకొక్క మాట. మీ దగ్గర కూడా ఎవరైనా రెండు మీటల మధ్య ఆగుతారా?"

"ఆఖరిది ఎందుకు?" అంది యునీకే.

"తెలుసుకుందామని."

ద్వాదశి

మబ్బు పట్టింది. పోటు పెరుగుతోంది.

యునీకే గదిలోకి పరుగెత్తుకొచ్చింది, తల కూడా దువ్వుకోలేదు. జవాబులు.

ఒకటి ఉత్తరాన, ఎండాకాలంలోనూ చలి వదలని మంచు రేవు నుంచి. రాసింది రాగ్నా అనే ఆవిడ, ఓడల్లో సరుకు ఎత్తే క్రేన్లు చూస్తుంది. వాళ్ళూ నిరుడే పంటు ఎక్కారట. యునీకే చదివి వినిపించింది. "మావాళ్ళు మొదటి మీట మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేతి వేళ్ళలోకి ఊపిరి ఊదుకుంటారు. చలికి వేళ్ళు కొయ్యబారతాయి. మొన్నటి చలికాలం రెండుసార్లు వేరే క్రేను కదిలింది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. పని చేసేవాళ్ళని తిట్టాం. మీ ఉత్తరం చదివి వెళ్ళి వాళ్ళ చేతులు చూశాను."

రెండోది కొండల్లో, లోయ దాటటానికి తీగ మీద నడిచే తొట్ల ఊరు నుంచి. వాళ్ళు అవతలి గట్టు గంట వినపడేదాకా ఆగుతారట.

సలోమి వింటూ ఉంది. "ఊదుకుంటారా" అంది. "పాపం, ఎంత చలో."

పంటు చూసుకునేవాళ్ళు మూడు ఊళ్ళ మాట విని ఒప్పుకున్నారు. మార్పు రాసి, సరిచూసి పంపితే తీసుకుంటామన్నారు. యునీకే, రాగ్నా కలిసి రాస్తున్నారు. వాళ్ళ పగలు మన పగలు కాదు, ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటున్నారు. మధ్యలో యునీకే గట్టిగా నవ్వింది. అష్టమి తర్వాత అది నవ్వటం ఇదే.

"ఏంటే?"

"మన ఉత్తరాన్ని తన భాషలోకి మెషిను ఎలా తిప్పిందో రాగ్నా చెప్తోంది. 'సముద్రం మా మొక్కలకు అతిథిగా వచ్చింది' అని చదువుకుందట."

త్రయోదశి

వాన మొదలైంది.

పెట్టె పోయింది. అన్నం వేళకు ఒకసారి గట్టిగా ఊపిరి తీసినట్టు చప్పుడు చేసి ఆగింది. సలోమి చెయ్యి వేసి చూసి, "చల్లబడిందక్కా" అంది. అమ్మ పాత చీర తెచ్చి కప్పింది. ఇంక వెనక్కి వెళ్ళే దారి లేదు.

పంటులో మార్పు ఇంకా సరిచూస్తున్నారు. రేపటికి వస్తుందంటున్నారు.

జెకర్యా బాబాయి గొడుగు వేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "ఎవరమ్మా?"

"సలోమి" అన్నాను.

"తబితా, ఊరు అమ్మా ఇది."

"ఊరు కాబట్టే బాబాయ్. తప్పు ఆమె చెయ్యిది కాదని తేలింది. పంటు బాగైతే ఆమెకన్నా మంచి లస్కరు మనకు లేదు. రేపటికి బాగు కాకపోతే నేనే ఆమెను లేపి యునీకేను కూర్చోబెడతాను. మాట ఇస్తున్నాను."

గొడుగు సర్దుకున్నాడు. "నువ్వు ఊరికే మాట ఇవ్వవు" అని వెళ్ళిపోయాడు.

చతుర్దశి

కుండపోత. కాలువలు నిండుతున్నాయి. ఎల్లుండిదాకా తెరిపి ఉండదట.

మార్పు వచ్చింది. సలోమితో మధ్యాహ్నమంతా తీగలు విప్పేసి సాధన చేయించాం, లాకులు కదలకుండా. వేలు పెట్టగానే పంటు పైకి చెప్తుంది. గొంతు యునీకేది.

"తొమ్మిదో లాకు, చిన్నక్కా."

సలోమి ఆగింది. "లాకు పేరు చాలు గదే. చిన్నక్క ఎందుకు?"

"బాగుంటుందని పెట్టా."

"రాగ్నా వాళ్ళకీ ఇదే వెళ్తుందా? వాళ్ళకి నేనేమవుతాను?"

"వాళ్ళ గొంతు వాళ్ళు పెట్టుకుంటారులే!"

సలోమి మళ్ళీ నొక్కింది. తొమ్మిదో లాకు, చిన్నక్కా. ప్రార్థన. ఆమేన్. రెండో మీట. సరిగ్గా తొమ్మిది. మళ్ళీ, మళ్ళీ. ఒక్కసారీ తప్పలేదు. ఉన్నట్టుండి యునీకే వెనక నుంచి వంగి సలోమి భుజం మీద గడ్డం ఆనించింది.

బాబాయికి కబురు పంపాను. సలోమే.

అమావాస్య

పోటు పొద్దున్నే మొదలైంది. గాలి సముద్రం నుంచి. సముద్రపు లాకు అవతల నీళ్ళు గట్టు అంచు తాకుతున్నాయి. ఇవతల వాన నీళ్ళు పల్లపు వీధి గడపల దాకా వచ్చాయి. బాడవ ఖాళీగా ఉంది. ఇంక తొమ్మిది తెరవాలి.

సలోమి కళ్ళు మూసుకుని కూర్చుంది. యునీకే ఒక పక్క, నేను ఒక పక్క.

"బర్నబా, తెరుస్తున్నాం" అన్నాను.

"ఆయ్."

తొమ్మిదో లాకు, చిన్నక్కా.

"తండ్రీ, నీళ్ళు నీవి, గట్టు నీది..."

రేడియో గరగరమంది. "ఆగండి ఆగండి ఆగండి! నావ! నావ వచ్చేసిందండి తలుపు ముందుకి! ఆపండక్కా!"

సలోమి వేలు ఎత్తేసింది. "ఏ లాకూ లేదు" అంది యునీకే గొంతు, తెర లోంచి. గదిలో ఉన్న యునీకే మాత్రం రేడియో మీదికి వంగి ఉంది.

రేడియోలో కేకలు వినపడ్డాయి. పల్లపు వీధి మార్తమ్మ, కోడలు, కోడలి చంటిబిడ్డ. గడప దాటి నీళ్ళొస్తే ఎవరికీ చెప్పకుండా నావ ఎక్కేశారు. వరద వాళ్ళను తలుపు మీదికి ఈడ్చుకొచ్చింది. తలుపు లేచి ఉంటే కిందికి లాగేసుకునేది. బర్నబా తాడు విసురుతున్నాడు. మార్తమ్మ గొంతు స్పష్టంగా వినపడింది. "ముందు మేకను పట్టుకోవయ్యా! నన్ను తర్వాత!"

నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. సలోమి చేతులు గాలిలో ఉన్నాయి, మీటలకు జానెడు పైన.

"గట్టెక్కారండి" అన్నాడు బర్నబా. గొంతు పోయింది. "అందరూనండి. మేక కూడా."

తొమ్మిదో లాకు, చిన్నక్కా. ప్రార్థన మొదటి నుంచి మళ్ళీ. ఒక్క మాట కూడా తగ్గించలేదు. ఆమేన్. రెండో మీట.

తొమ్మిది తెరుచుకుంది. ఆ చప్పుడు నాకూ వినపడింది. ఒకటి కదల్లేదు. మధ్యాహ్నానికి పాటు తీసింది. పల్లపు వీధిలో బురద, పాములు. మనుషులంతా ఉన్నారు.

తీరిక దొరికాక సలోమి ఇలా అంది. "అక్కా, పాత పెట్టె అయితే మొదటి మీట నొక్కాక ఇంక ఆపటం ఉండేది కాదు. రెండోది నొక్కకపోతే బిగుసుకుని కూర్చునేది, మళ్ళీ లేపేసరికి పూట పట్టేది. ఈ నీళ్ళలో పూట ఎక్కడుంది? ఆగకుండా తెరిచేసేదాన్నేమో. ఇన్నేళ్ళూ నా చేతిని చూసుకో అంటున్నాను గానీ, వెనక్కి తీసుకునే వీలు దానికి ఇవాళే వచ్చింది." యునీకే వైపు చెయ్యి చాపింది. అది ఆ చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది.

శ్రావణ శుద్ధ పంచమి

నీళ్ళు మామూలే. కింది నారుమడిలో ఉప్పు కడిగి మళ్ళీ విత్తనం చల్లాం. మొలక లేచింది. బాబాయి రోజూ వెళ్ళి చూసొస్తున్నాడు, చూస్తే ఎక్కువ పెరుగుతుందన్నట్టు.

కొత్త మార్పును పంటులో అందరికీ వచ్చేలా కలిపారు. దానికి ఒక పేరు కావాలట. యునీకే ఖాళీగా వదిలేసి మమ్మల్ని అడిగింది. సలోమి నా వైపు తిరిగింది. నేను చెప్పాను.

సంతోషమ్మ.

పేరు పలకటం రావటం లేదని రాగ్నా నాలుగుసార్లు రాసింది. అయిదోసారి తన గొంతే పంపింది. గాలి హోరులోంచి, ఒక్కో అక్షరం విడదీసి, జాగ్రత్తగా చెప్తోంది. సలోమి మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నది.

మేము చూడని రేవులో, మేము ఎరగని చలిలో, ఎవరో వేళ్ళలోకి ఊపిరి ఊదుకుంటున్నారు. వాళ్ళు ఊదుకున్నంతసేపూ మా అమ్మ పేరు మీద ఒక క్రేను ఆగి ఉంటుంది.